ముగించకుండా ఉంచిన పని

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. పోయిన వారం ఈ సీరియల్ రాలేదని కొందరు పత్రికకు ఫోన్ చేశారట. ఆ తప్పు పత్రికవాళ్ళది కాదు, నాది. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలి పక్కన కూర్చుని, ఆమె పలక మీద. చేయి ఇంకా నిదానం. పేజీ రాస్తూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడుతుంది, అన్నం చూసుకుంటే పేజీ ఆగిపోతుంది. ఒత్తులు పడాల్సిన చోట పడవు. పత్రికలో పనిచేసే పిల్లలు దిద్దుతారు. వాళ్ళు దిద్దగా మిగిలినవి మీరే సరిచేసుకుని చదవండి. ఈసారి మాత్రం కాగితం మీద చేయి పరుగెత్తింది. ఆ శుక్రవారం అలాంటిది.

కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను. నగరిలో, మూతపడిన ఒక మరమగ్గాల షెడ్డులో ఒక కేంద్రం నడుస్తోంది. నడవలేని, కూర్చోలేని, తమ చేత్తో తాము తినలేని పిల్లలూ పెద్దలూ పొద్దున వచ్చి సాయంత్రం దాకా అక్కడ ఉంటారు. బోర్డు మీద పెద్ద పేరే రాసి ఉంది గానీ ఊళ్ళో అందరూ దాన్ని షెడ్డు అనే అంటారు. నడిపేది ప్రేమానందం సారు, రిటైరైన హెడ్మాస్టరు. అద్దెకూ బియ్యానికీ ప్రభుత్వం నుంచి గ్రాంటు వస్తుంది. ఆ బిడ్డలను ఎత్తి, దించి, కడిగి, తినిపించే ఆడవాళ్ళకు మాత్రం జీతం లేదు. కాగితాల్లో వాళ్ళు స్వచ్ఛంద సేవకులు. గౌరవ వేతనం అని నెలాఖరున కొంచెం చేతిలో పెడతారు.

ఆ ఆడవాళ్ళలో పెద్దది గంగులమ్మ. బలమున్నది కృపామణి. కృపామణికి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని కుదిరింది. షెడ్డులో ఇచ్చేదానికి రెండింతల పైనే ఇస్తారు. సోమవారం తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కాలి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ పూజితకు తెలిసిపోయింది. కృపామణి చేతులు ఎప్పుడూ తడిగానో ఎంగిలిగానో ఉంటాయి కాబట్టి ఫోన్‌ను కిటికీలో పెట్టి స్పీకర్‌లో మాట్లాడుతుంది. ఆ పని కుదిర్చిన మనిషి ఫోన్ చేసినప్పుడు ఆమె అన్నం తినిపిస్తున్నది పూజితకే.

పూజితకు ఇరవై రెండేళ్ళు. మరమగ్గం నేసే మురుగేష్ కూతురు. పుట్టినప్పటి నుంచీ చేతులూ కాళ్ళూ బిగుసుకుని ఉంటాయి. మాట నిదానంగా వస్తుంది, ఆలోచన మాత్రం నిదానం కాదు. కృపామణి వెళ్ళిపోతే పూజితను ఎత్తే బలం షెడ్డులో ఇంకెవరికీ లేదు. అప్పుడు ఆమె మళ్ళీ నాయన మగ్గం పక్కన మంచం మీద, పొద్దున నుంచి రాత్రి దాకా పైకప్పు రేకులు చూస్తూ పడుకోవాలి. షెడ్డుకు రాకముందు ఆమె బతుకు అదే.

ఇక ఆ శుక్రవారం. చిత్తూరు నుంచి తనిఖీకి మేడం వస్తున్న రోజు.

*

నగరిలో మా మగ్గాలవాళ్ళ ఇళ్ళకు ఎవరైనా వస్తున్నారంటే ముందు మగ్గం ఆపుతాం. మూలమూలలా పట్టుకున్న నూలు పీచు దులుపుతాం. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేస్తాం. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే స్నానం చేయించి, ఉతికిన గుడ్డలు కట్టి, గోడకు ఆనించి కూర్చోబెడతాం. వచ్చినవాళ్ళ కంట మన కష్టం పడకూడదు. పడితే వాళ్ళకు మర్యాద చేయనట్టే.

షెడ్డు ఆడవాళ్ళు తనిఖీకి కూడా అదే మర్యాద చేసేవాళ్ళు. అధికారి వచ్చే రోజు చీకటితోనే వచ్చి, అందరికీ స్నానాలు, టిఫిన్లు ముగించి, తలలకు నూనె రాసి దువ్వి, వరసగా కూర్చోబెట్టి, తాము చేతులు కట్టుకుని గోడ వారగా నిలబడేవాళ్ళు. పోయినసారి వచ్చిన అధికారి అంతా తిరిగి చూసి, కొబ్బరి నీళ్ళు తాగి, సంతోషంగా రాసి వెళ్ళాడు. ‘కేంద్రం చాలా శుభ్రంగా ఉంది. పని తక్కువ. ఇద్దరు సహాయకులు సరిపోతారు.’

అంత మాట రాసినందుకు ఆయనను నెల రోజులు తిట్టుకున్నారు. ఆయనకు మనం చూపించింది ఏమిటని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ శుక్రవారం పొద్దున గంగులమ్మ వేన్నీళ్ళ బకెట్టు పట్టుకుని పూజిత చాప దగ్గరకు వచ్చింది.

“రా పాపా, తొలి తానం నీకే.”

“ఒద్దవ్వా” అంది పూజిత.

“ఏమి ఒద్దు? నీళ్ళు సల్లారిపోతా ఉండాయి. మేడం పది గంటలకంతా వస్తాదంట.”

“ఆమె వచ్చినాక చేయించు.”

గంగులమ్మ బకెట్టు దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. “మేడం వచ్చి నీ వీపు రుద్దుతాదా? ఆమె చీర తడిస్తే మళ్ళా చిత్తూరికి యెట్ల పోతాది?”

పూజిత నవ్వింది. నవ్వితే ఆమె ఒళ్ళంతా ఒక పక్కకు లాగుతుంది. అది సర్దుకున్నాక చెప్పింది. ఒక్కొక్క మాటా విడివిడిగా వచ్చింది, అయినా ఒక్కటీ తప్పలేదు.

“పోయినసారి వచ్చినాయన యేం సూసినాడవ్వా? నేను బొమ్మ మాదిరి కూసోనుండా. నువ్వు చేతులు కట్టుకోని నిలబడుండావు. బొమ్మకు ఆయమ్మ యెందుకని రాసేసి పోయినాడు.”

పక్కన లోహితకు జడ వేస్తున్న కృపామణి చేయి ఆగిపోయింది. లోహిత ఎనిమిదేళ్ళ పిల్ల, అక్కడ నడవగలిగిన కొద్దిమందిలో ఒకతె. దగ్గరకు ఎవరొచ్చినా వాళ్ళ చీర కొంగు పట్టుకుంటుంది, పట్టుకుంటే వదలదు. ఆమె చేతిలోని కొంగును మెల్లగా విడిపించుకుంటూ కృపామణి అంది.

“పూజితా, నీకేమన్నా జ్వరమా?”

“నాకు జ్వరం లేదక్కా. నీకు సోమవారం యేమన్నా పని ఉండాదా?”

కృపామణి ముఖం ఎర్రబడింది. ఆ మాట అర్థం గంగులమ్మకు తెలియదు. ఆమె ఇద్దరినీ చూసి, ఏదో ఆడపిల్లల గొడవ అనుకుంది. ఆమె మనసు అప్పటికే వేరే పక్క పరుగెత్తుతోంది. ఇన్నేళ్ళు ఇంత చేసి, సరిగ్గా చూడాల్సిన రోజున అదంతా దాచేస్తూ వచ్చామా అని. బకెట్టు ఎత్తి వెనక్కి తీసుకుపోయింది.

“ముగ్గు కూడా వేయను పో. సారు వస్తే నువ్వే చెప్పుకో” అంటూ నవ్వుకుంది. 

*

ప్రేమానందం సారు ఆటోలో కొబ్బరి బోండాలూ ఒక శాలువా తీసుకుని వచ్చాడు. వాకిలి దగ్గరే ఆగిపోయాడు. ముగ్గు లేదు. లోపల అందరూ ఇంటి నుంచి వచ్చిన రాత్రి గుడ్డల్లోనే ఉన్నారు. ఒకరి గడ్డం మీద పళ్ళపొడి నురగ. మూల గిన్నెలో ఇడ్లీ పిండి ఇంకా రేకుల్లోకే ఎక్కలేదు.

“ఏమమ్మా ఇది? ఎవరికైనా ఒళ్ళు బాగాలేదా?”

“అందరం బాగుండాం సారూ” అంది గంగులమ్మ. “పాప చెప్తాదంట, వినండి.”

పూజిత చెప్పింది. ఆయన చివరి దాకా విన్నాడు. పిల్లలు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకపోవడం ఆయన బడి అలవాటు. విన్న తరువాత కొబ్బరి బోండాలు కింద పెట్టి, తానూ చాప మీద కూర్చున్నాడు.

“పూజితమ్మా, నీకు తెలియని సంగతి చెప్తాను. నా కొడుకు ఏబెల్ కూడా నీ లాగే ఉండేవాడు. వాడు బతికున్నన్నాళ్ళూ మా ఇంటికి ఎవరొచ్చినా వాడికి తెల్లచొక్కా వేసి, తల దువ్వి కూర్చోబెట్టాను. ఒక్కరి చేత కూడా అయ్యో పాపం అనిపించుకోలేదు. వాడి మర్యాద అది. మీ అందరి మర్యాదా నాకు అదే. మీ కష్టం తీసుకుపోయి ఆఫీసర్ల ముందు ఎగ్జిబిషన్ పెడతామా?”

  ఆయన మాటలో నిజం ఉంది. కృపామణికి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

పూజిత తొందరపడలేదు.

“అయ్యో అనమని నేను చెప్పను సారూ. సూడమని చెప్తా. అది వేరే, ఇది వేరే.”

“ఎట్లా వేరే?”

“తానం సూపించను. దొడ్డికి పోయేది సూపించను. తలుపు మూస్తారు, ఆమె బయట నిలబడుకోనుంటాది. అన్నం తినేది సూపిస్తా, నన్ను ఎత్తేది సూపిస్తా. యేది సూపించల్ల, యేది దాసల్ల అని చెప్పేది నేను. ఏబెలన్నను కూడా అడిగింటే చెప్పుంటాడు.”

ఆ చివరి మాటకు ప్రేమానందం సారు తల వంచుకున్నాడు. కోపం వచ్చిందో, గుర్తుకొచ్చిందో తెలియదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “గ్రాంటు పోతే ఈ షెడ్డుకు అద్దె ఎవరు కడతారు?” అని మాత్రం అన్నాడు.

అప్పుడే బయట జీపు హారన్ మోగింది. పది గంటలకు రావాల్సిన మేడం తొందరగా వచ్చేసింది.

*

షెడ్డు చరిత్రలో ఒక అధికారికి అలాంటి స్వాగతం ఎప్పుడూ దొరకలేదు. హేమశ్రీ మేడం చెప్పులు విప్పి గుమ్మంలోకి వచ్చేసరికి, పూజిత కింద జంపఖానా పరిచి ఉంది. దాని చివరలు రెండు గంగులమ్మ చేతుల్లో, రెండు కృపామణి చేతుల్లో ఉన్నాయి. జంపఖానాలో పూజిత నేలకు జానెడు పైన ఊగుతోంది.

“నమస్కారం, నేను...” అంది మేడం.

“పక్కకు జరగండమ్మా, తగుల్తాది” అంది గంగులమ్మ, ఎవరో కూడా చూడకుండా.

మేడం గోడకు ఆనుకుంది. వాళ్ళు ఆమె ముందు నుంచే పూజితను మోసుకుంటూ స్నానాల గది వైపు వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది. మేడం ముందుకు అడుగు వేయబోయింది గానీ చీర వెనక్కి లాగింది. కిందికి చూస్తే లోహిత ఆమె పైట కొంగు రెండు చేతులా పట్టుకుని, ఆ అంచు రంగు చూసి మురిసిపోతోంది.

ప్రేమానందం సారు శాలువాతో పరుగెత్తుకొచ్చాడు. “మన్నించాలి మేడం, ఈ రోజు కొంచెం... కూర్చోండి, బోండాం కొట్టిస్తాను.”

“ఎలా కూర్చోమంటారు సార్?” అని మేడం తన కొంగు చూపించింది. 

లోహిత వదలలేదు. ఆమె వదిలే దాకా ఎవరూ లాగకూడదు, లాగితే భయపడి ఏడుస్తుంది. కాబట్టి ఆ రోజు తనిఖీ అంతా మేడం లోహితతో కలిసే చేయాల్సి వచ్చింది. ఎటు తిరిగినా వెనక లోహిత. ఆమె కోపగించుకుంటుందేమోనని సారు భయపడ్డాడు. మేడం కోపగించుకోలేదు. చిరాకు మాత్రం ముఖంలో కనిపించింది, ఎందుకంటే స్నానాల గది తలుపు ఎంతసేపటికీ తెరుచుకోలేదు.

“లోపల ఏమైనా ఇబ్బందా?”

“లేదు మేడం. ఆ అమ్మాయి కండరాలు బిగుసుకుంటాయి. వదులయ్యే దాకా ఆగి కడగాలి. తొందరపడితే నొప్పి.”

“రోజూ ఇంతసేపా?”

 పోయినసారి అధికారి ముందు సారు వేరేలా చెప్పాడు. “రోజూ ఇంతేనండి” అన్నాడు ఈసారి.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు ఆడవాళ్ళూ చెమటలో తడిసి ఉన్నారు. పూజిత ముఖం మాత్రం తేటగా, జుట్టు తడిగా, ఏదో పెళ్ళికి వెళ్తున్నదానిలా ఉంది. ఆమెను దిండ్ల మధ్య నిలువుగా కూర్చోబెట్టి, కృపామణి వెనక నుంచి తన భుజం ఆనించి, ఈలోగా ఇంకొకామె ఉడికించిన ఇడ్లీని మెత్తగా పిసికి చిన్న చిన్న ముద్దలుగా పెట్టడం మొదలుపెట్టింది. ఒక ముద్ద పెట్టడం, గొంతు కదిలే దాకా చూడటం, మళ్ళీ ఇంకో ముద్ద. అవతల గంగులమ్మ ఒక చేత్తో ఒకరికి తినిపిస్తూ, ఇంకో చేత్తో ఇంకొకరి తల పట్టుకుంది.

మేడం చూస్తూ నిలబడిపోయింది. తరువాత సారు వైపు తిరిగి మెల్లగా అడిగింది. “ఈ అమ్మాయికి ఇంకేమైనా కావాలా సార్?”

“నన్ను అడగండి మేడం” అంది పూజిత. “జవాబు ఆలస్యంగా వస్తాది. కానీ వస్తాది.”

మేడం తడబడింది. కొంగుతో పాటు లోహితను కూడా తీసుకువచ్చి పూజిత ఎదురుగా నేల మీద కూర్చుంది. “సరే అమ్మా. నీకేం కావాలి?”

కృపామణి ముద్ద పెట్టడం ఆపింది.  పూజిత మాటలు కూడదీసుకుంటుంటే మెడ నరాలు లేచాయి. ఎవరూ ఆమె మాటను తాము అందుకోలేదు.

“ఈయమ్మ నాకు తినిపించేదాన్ని పుణ్యమని రాసుకోనుండారు మేడం. పుణ్యమైతే ఇష్టమున్న రోజు చేస్తారు, లేని రోజు మానుకుంటారు. తప్పులేదు. నాకు రోజూ ఆకలైతాది. అందుకని నాకు పుణ్యం ఒద్దు. పని కావల్ల. జీతమిచ్చి చేయించే పని. బియ్యానికి దుడ్లు ఇస్తా ఉండారు గదా, ఆ బియ్యం నా నోట్లోకి యెట్ల వస్తాదని యెవురూ అడగలేదే.”

 పూజిత పెదవి మీద మిగిలిన ఇడ్లీ ముక్కను కృపామణి తుడిచింది.

“సార్, పోయినసారి ఇద్దరు చాలని రాసినదాని కింద మీ సంతకం కూడా ఉంది” అంది మేడం.

“ఉందండి.”

“మీకు తెలుసు కదా ఇద్దరు చాలరని.”

ప్రేమానందం సారు చేతిలో శాలువాను మడత మీద మడత పెట్టాడు. “తెలుసు. ఇంకా ఎక్కువ అడిగితే ఉన్నది కూడా ఆపేస్తారని భయపడ్డాను. ఇంకొకటి కూడా చెప్పేస్తాను. సేవకు వెల కట్టడం నాకు నచ్చదు మేడం. నేను ఈ షెడ్డు నుంచి ఒక్క రూపాయి తీసుకోను. వీళ్ళు కూడా దాన్ని అట్లాగే చేస్తున్నారని గర్వపడ్డాను.”

“సారూ” అంది కృపామణి. ఆమె ఆయనతో ఎప్పుడూ ఎదురు మాట్లాడింది లేదు.  “మీకు ఒకటో తేదీ పింఛన్ వస్తాది. దాన్ని తిని మీరు సేవ చేస్తా ఉండారు. చేయండి, మంచిదే. నేను యేం తిని చేయల్ల?”

సారు ముఖం చూడలేక గంగులమ్మ అటు తిరిగింది. కానీ ఆమె పెదవుల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది.

హేమశ్రీ మేడం లేచింది. ఫైలు తెరిచింది, మళ్ళీ మూసింది.

“నేను చూసింది చూసినట్టు రాస్తాను. కానీ రాస్తే వచ్చేయదు. సోమవారం చిత్తూరులో వచ్చే ఏడాది నిధుల గురించి మీటింగు ఉంది. ఇలాంటి కేంద్రాల్లో పనిచేసేవాళ్ళకు జీతంతో పోస్టులు పెట్టాలని నేను అడగబోతున్నాను. నేను అడిగితే అది పదిమంది అడిగేవాటిలో ఒకటి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు వినాలంటే...” ఆమె పూజిత వైపు చూసింది. “నువ్వు వస్తావా? ఇప్పుడు నాతో చెప్పింది అక్కడ చెప్తావా?”

పూజిత నోరు తెరిచింది. మాట రాలేదు. ఈసారి అది కండరాల వల్ల కాదు. నగరి దాటి ఆమె ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు.

“వస్తా” అంది.

లోహిత ఆ మాట కోసమే ఆగినట్టు కొంగు వదిలేసింది. మేడం నవ్వి, ఆ పిల్ల బుగ్గ తట్టి, “సోమవారం పదింటికి” అని జీపెక్కింది.

*

జీపు సందు మలుపు తిరగకముందే షెడ్డులో పండగ మొదలైంది. గంగులమ్మ కొబ్బరి బోండాలు తానే కొట్టించి అందరికీ పోసింది.

“మేడం తాగకపోతే మనమే తాగుతాం. పాపా, నా పెట్టెలో రాణీ రంగు చీర ఉండాది, సోమవారం అదే కట్టల్ల నువ్వు. మీ నాయనకు ఇప్పుడే చెప్పి పంపిస్తా. మగ్గం ఆపి రమ్మంటా.”

“చీర కట్టి జంపఖానాలో మోస్తే దేవుడి ఊరేగింపు మాదిరి ఉంటాదవ్వా” అంది పూజిత.

“ఉండనీ. చిత్తూరు వాళ్ళు దండం పెట్టుకుంటారు.”

“వ్యాన్ నేను మాట్లాడతాను” అన్నాడు ప్రేమానందం సారు మెల్లగా. ఆయన ఇంకా శాలువా మడతపెడుతూనే ఉన్నాడు. “కానీ పూజితను ఎక్కించి, దించి, అక్కడ కూర్చోబెట్టి, మధ్యలో తినిపించాలంటే...”

అందరూ కృపామణి వైపు చూశారు. ఆమె ఎంగిలి గిన్నెలు కడుగుతోంది. వీపు ఇటు ఉంది. తిరగలేదు.

కిటికీలో ఫోన్ మోగింది. తడి చేయి చాపి వేలితో నొక్కింది, ఎప్పటి అలవాటు. స్పీకర్‌లో మగ గొంతు షెడ్డంతా వినిపించింది.

“ఏమ్మా కృపామణీ, ప్రతాపన్నను. సోమవారం నాలుగున్నరకు రైల్వే గేటు తావ బస్సు. తొలి రోజే ఆలస్యం చేయాకు. నువ్వు రాలేదంటే పుత్తూరామె ఒకతె కాసుకోనుండాది, సీటు ఆమెకి పోతాది. ముందే చెప్తా ఉండా.”

కృపామణి కొళాయి కట్టేసింది. 

“యాడికి బస్సు?” అంది గంగులమ్మ.

“శ్రీసిటీకి అక్కా. క్యాంటీన్‌లో పని.”

“మాకొక మాట చెప్పకుండానే?”

“చెప్తే పోనిస్తావా?”

 పోనివ్వదని గంగులమ్మకూ తెలుసు. బోండాం నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, కూలబడినట్టు మెట్టు మీద కూర్చుంది.

“హలో, వినిపిస్తా ఉండాదా?” అంది ఫోన్.

ప్రేమానందం సారు ముందుకు వచ్చాడు. ఆయన గొంతులో బతిమాలడం మొదటిసారి విన్నారు వాళ్ళు. “అమ్మా, ఒక్క సోమవారం. ఆ ఒక్క రోజు పూజితను తీసుకెళ్ళు. సేవ అనుకో...”

“అనుకోదు సారూ” అంది పూజిత.

అందరూ అటు తిరిగారు.

“అక్క ఊరికే వస్తే నేను చిత్తూరికి పోను. ఆమె పని పోగొట్టుకోని, కూలి లేకుండా నన్ను మోసుకోని వస్తే, వీళ్ళకు జీతమియ్యండని నేను యే మొగం పెట్టుకోని అడగల్ల? పో అక్కా. నువ్వు బస్సెక్కు. నేను యేమీ అనుకోను.”

 పూజిత ఏమి వదులుకుంటోందో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. మేడం ముందు అంత నిబ్బరంగా మాట్లాడిన పిల్ల, దిండ్ల మధ్య ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది.

కృపామణి తడి చేతులతోనే నిలబడింది. కొంగుకు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అప్పుడు ప్రేమానందం సారు ఎవరూ ఊహించని పని చేశాడు. కిటికీ దగ్గరకు వెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. బడిలో హాజరు పిలిచే గొంతు మళ్ళీ వచ్చింది ఆయనకు.

“బాబూ, నేను ప్రేమానందాన్ని మాట్లాడుతున్నాను. షెడ్డు నడిపేది నేనే. కృపామణి ఇక్కడ జీతానికి పని చేస్తోంది. సోమవారం మీ బస్సు ఎక్కదు.”

జీతం. ఆ మాట ఆయన నోట షెడ్డు తెరిచిన రోజు నుంచీ రాలేదు. గంగులమ్మ మెట్టు మీద నుంచి లేచి నిలబడింది. పూజిత కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క క్షణం ఆ షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ గెలిచేశామనే అనిపించింది.

కృపామణికి తప్ప.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. వచ్చి సారు ముందు నిలబడి చేయి చాపింది. ఆయన అర్థం కానట్టు చూసి, ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

“యే జీతం సారూ?” అంది. గొంతులో కోపం లేదు. “యెవురిస్తారు? యెప్పటి నుంచి? చిత్తూరు వాళ్ళు కాదంటే మీరిస్తారా? అది తేలకుండా నన్ను అడక్కుండా నా బస్సు మీరు పంపించేస్తే, రేపు నా ఇంట్లో పొయ్యి యెట్ల రాజేసేది?”

ప్రేమానందం సారు ఒక అడుగు వెనక్కి జరిగాడు. 

ఆమె ఫోన్ వైపు చూసింది. లైను తెగలేదు.

“ప్రతాపన్నా, ఉండావా?”

“ఉండానమ్మా. తొందరగా తేల్చు. పుత్తూరామె ఇంకో ఫోన్లో ఉండాది.”

కృపామణి తల ఎత్తి పూజితను చూసింది. పూజిత ఆమె చూపు తప్పించలేదు, రమ్మనలేదు, ఈసారి పొమ్మనలేదు. 

“నీకు ఇప్పుడు చెప్పింది సారు” అంది కృపామణి ఫోన్‌లో. “నన్ను యెవురూ అడగలేదన్నా. ఇప్పుడు నేను చెప్తా ఉండా, విను.”

(మిగతాది వచ్చే వారం)

— వరదమ్మ
వయసు అరవై ఎనిమిది
పుట్టిందీ పెరిగిందీ నగరిలో. ఇప్పుడు ఉండేది చంద్రగిరిలో, కూతురి దగ్గర.